జలవిద్యుత్ జలాశయాల్లో సందర్శకుల లెక్క: ఫారం 80 రద్దయ్యాక ఏం మిగిలింది?

అమెరికాలో షార్లెట్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు లేక్ నార్మన్ కొత్త కాదు. వేసవిలో శనివారం వచ్చిందంటే పిక్నిక్‌లకూ పడవలకూ అటే బయల్దేరతారు. విస్తీర్ణం సుమారు 32,500 ఎకరాలు, తీరం పొడవు 520 మైళ్లు. అది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. 1963లో కౌవాన్స్ ఫోర్డ్ డ్యాం వల్ల ఏర్పడిన జలవిద్యుత్ జలాశయం, డ్యూక్ ఎనర్జీ నడిపే కటావ్బా-వాటరీ ప్రాజెక్టులో భాగం. ఒడ్డున బోటు దించే ర్యాంపు, ట్రెయిలర్లకు పార్కింగ్, మరుగుదొడ్లు, చేపలు పట్టే వేదికలు ఉన్నాయంటే చాలావాటి వెనక ఫెడరల్ లైసెన్సు షరతు ఉంటుంది. వాటిని ఎంతమంది వాడుతున్నారో చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ లైసెన్సుతోనే వస్తుంది.

ఈ బాధ్యత దశాబ్దాలపాటు ఫారం 80 అనే ఒకే నమూనా మీద నడిచింది. 2018 డిసెంబరులో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్, అంటే ఫెర్క్, 852వ నంబరు ఉత్తర్వుతో దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత రిపోర్టింగే పోయిందని చాలామంది అనుకున్నారు. పోయింది ఫారం మాత్రమే. లెక్క చెప్పాల్సిన పని అందరికీ ఉన్న ఒక కాగితం నుంచి ఎవరి లైసెన్సులోకి వాళ్లకు మారింది. ఫలితంగా ఏ ప్రాజెక్టు ఏం చెప్పాలో తెలుసుకోవాలంటే ఆ ప్రాజెక్టు లైసెన్సు చదవక తప్పదు.

ముందుగా ఇది ఎవరికి వర్తిస్తుందో చూడాలి. ఫెర్క్ లైసెన్సు ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం సొంతం కాని ప్రాజెక్టులకు: ప్రైవేటు కంపెనీలు, రాష్ట్ర సంస్థలు, మున్సిపాలిటీలు. హూవర్ డ్యాం, గ్రాండ్ కూలీ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్‌వి. అట్లాంటా వాళ్లు వెళ్లే లేక్ లేనియర్ ఆర్మీ ఇంజనీర్ల దళానిది. వాటికి లెక్కలు వేరు, ఇక్కడి నిబంధనలు అంటవు.

లైసెన్సు ఎందుకు పిక్నిక్ బల్లల దాకా వచ్చిందంటే మూలం చట్టంలోనే ఉంది. 1920లో వచ్చి 1935లో ఫెడరల్ పవర్ యాక్ట్‌గా మారిన చట్టం, నదిని విద్యుత్తుకే కాక ఇతర ప్రజోపయోగాలకూ కలిపి చూడాలంటుంది. విహారం అందులో ఒకటి. 1965లో వచ్చిన 313వ నంబరు ఉత్తర్వు దీన్ని విధానంగా మార్చింది: అవసరమైన భూమి సేకరించాలి, సదుపాయాలు కట్టాలి, ప్రజలకు దారి ఇవ్వాలి, సముచితమైన రుసుము తీసుకోవచ్చు. 1986 సవరణ మరో మెట్టు ఎక్కి, విద్యుత్తుతోపాటు విహారం, చేపలు, వన్యప్రాణులకూ సమాన పరిశీలన ఇవ్వాలంది. లైసెన్సుల్లో ఉండే ప్రామాణిక షరతు కూడా అదే దారిలో ఉంటుంది: ప్రాజెక్టు నిర్వహణకు ఇబ్బంది లేనంత మేరకు నీటికీ దాన్ని ఆనుకున్న ప్రాజెక్టు భూములకూ జనాన్ని రానివ్వాలి, ప్రాణాలకో ఆస్తికో ప్రమాదమున్న చోట్లను మాత్రం మూసి ఉంచుకోవచ్చు.

మన దేశంలో ఈ లంకె ఎక్కడా కలవదు. 2003 విద్యుత్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఉత్పత్తికి లైసెన్సే అక్కర్లేదు. పెద్ద జలవిద్యుత్ పథకాలకు 8వ సెక్షన్ కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సమ్మతి చాలు. శ్రీశైలంలో గేట్లు ఎత్తిన రోజు ఎంత జనం వచ్చినా, ఆ లెక్కను జెన్‌కో ఒక లైసెన్సు షరతుగా సమర్పించాల్సిన పని లేదు. షరతు పెట్టడానికి లైసెన్సంటూ ఉండాలి కదా.

ఫారం 80 ఏం అడిగేది?

ఆరేళ్లకోసారి, ఏప్రిల్ 1 నాటికి, అంతకుముందు క్యాలెండర్ సంవత్సరం వివరాలతో ఇవ్వాలి. ప్రాజెక్టుకొకటి చాలదు, ఒక్కో డెవలప్‌మెంటుకు, అంటే డ్యాం, దాని జలాశయం కలిసిన ఒక్కో యూనిట్‌కు, ఒక్కోటి ఇవ్వాలి. కటావ్బా-వాటరీ లాంటి 11 డెవలప్‌మెంట్లున్న ప్రాజెక్టుకు 11 ఫారాలన్నమాట. మొదటి భాగంలో జలాశయం విస్తీర్ణం, తీరం పొడవు, అందులో జనానికి అందుబాటులో ఉన్న శాతం, విహార సీజను ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఆ ఏడాది లైసెన్సుదారు విహార సదుపాయాల మీద పెట్టిన ఖర్చు, వచ్చిన ఆదాయం ఉంటాయి. లెక్క ఏ పద్ధతిలో వేశారో కూడా గుర్తు పెట్టాలి: వాహనాల కౌంటరా, హాజరు రికార్డా, సిబ్బంది చూసి రాసుకున్నదా, సర్వేనా, ఉజ్జాయింపా. రెండో భాగం సదుపాయాల జాబితా. బోటు ర్యాంపులు, మెరీనాలు, డ్యాం దాటడానికి పడవ మోసుకెళ్లే దారులు, డ్యాం దిగువన చేపలు పట్టే చోట్లు, ఈత స్థలాలు, కాలిబాటలు, క్యాంప్‌సైట్లు, ఊరికే జనం వాడుకునే అనధికార చోట్లు. ఒక్కోదానికి ఎన్ని ఉచితం, ఎన్నింటికి రుసుము, ఎన్ని ఫెర్క్ ఆమోదించినవి, సామర్థ్యంలో ఎంత శాతం వాడకంలో ఉంది.

అధికారిక అంచనా ప్రకారం ఒక ఫారానికి పట్టేది మూడు గంటలు. ఈ అంకె చూస్తే ఆ పని చేసినవాళ్లకు నవ్వొస్తుంది. నింపడానికి మూడు గంటలు సరిపోవచ్చు, నింపడానికి కావలసిన అంకెల కోసం ముందు ఏడాదంతా లెక్కపెట్టాలి. ఏప్రిల్ దగ్గర పడ్డాక ఫారం తీసినవాళ్లకు ఉజ్జాయింపు గడి తప్ప వేరే దారి ఉండేది కాదు.

వాడకం మరీ తక్కువగా ఉండే చోట్లకు వెసులుబాటు ఉండేది. అంతకుముందు ఏడాదిలో 100 రిక్రియేషన్ డేల (ఒక మనిషి ఒక రోజు రావడం ఒక రిక్రియేషన్ డే) కంటే తక్కువ ఉంటే, గడువుకు కనీసం ఆరు నెలల ముందు కారణాలు చూపి, ఇకపై ఫారం ఇవ్వకుండా మినహాయింపు కోరవచ్చు.

ఒక కారు ఎంతమంది?

మొత్తం రిపోర్టు నిలబడేది రిక్రియేషన్ డే అనే కొలమానం మీద. 24 గంటల్లో ఎంతసేపైనా సరే, ఒక మనిషి విహారం కోసం ఆ డెవలప్‌మెంటుకు వస్తే అది ఒక రిక్రియేషన్ డే. అరగంట గాలం వేసినవాడూ ఒకటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బోటులో తిరిగినవాడూ ఒకటే. చిక్కు ఎక్కడంటే, పొద్దున ర్యాంపు దగ్గర, మధ్యాహ్నం పిక్నిక్ స్థలంలో, సాయంత్రం వ్యూ పాయింటు దగ్గర కనిపించిన మనిషి మూడు సైట్ల లెక్కల్లో మూడుసార్లు పడతాడు. డెవలప్‌మెంటు మొత్తానికి మాత్రం ఒక్కడే. సైట్లవారీ అంకెల్ని కూడేసి మొత్తంగా రాసేయడం ఈ రిపోర్టుల్లో తేలిగ్గా దొర్లే తప్పు. సర్వేలో 'ఈ రోజు ఇంకా ఎక్కడెక్కడ ఆగారు?' అనే ఒక్క ప్రశ్న ఉంటే దీన్ని సరిదిద్దవచ్చు.

రెండో తప్పు రోడ్డు మీద జరుగుతుంది. సైటు ప్రవేశ దారికి అడ్డంగా రబ్బరు గొట్టం పరిచి, దాని మీద ఇరుసు ఎక్కిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టే కౌంటర్లను ఎక్కువగా వాడతారు. ఉదాహరణకు సీజనులో 24,000 దెబ్బలు నమోదయ్యాయనుకుందాం. కారుకు రెండు ఇరుసులు, కాబట్టి 12,000 రాకపోకలు. లోపలికి, బయటికి ఒకే దారి, కాబట్టి 6,000 వాహనాలు. సిబ్బంది, చెత్త బండి, దారి తప్పి వెనక్కి తిరిగినవాళ్లకు 10 శాతం తీసేస్తే 5,400. సర్వేలో కారుకు సగటున 2.6 మంది తేలితే 14,040 రిక్రియేషన్ డేలు. చూడడానికి చక్కగా ఉంది. కానీ ఇది బోటు ర్యాంపు. వచ్చే బండ్లలో ఐదింట ఒకదాని వెనక ఒక ఇరుసు ట్రెయిలర్ ఉంటే సగటు ఇరుసులు 2.2. అప్పుడు మొత్తం 12,764కు దిగుతుంది. ట్రెయిలర్ మర్చిపోయినందుకు పది శాతం జనం పుట్టుకొచ్చారు. గొట్టం ఒక చివర ఊడిపోతే ఇదే కౌంటరు రోజుల తరబడి సున్నా చూపిస్తుంది. అందుకే వారానికోసారైనా ఎవరో ఒకరు గంటసేపు అక్కడ నిలబడి చేత్తో లెక్కపెట్టి సరిచూడాలి.

మూడోది రోజుల ఎంపిక. మే నుంచి సెప్టెంబరు దాకా 153 రోజులు. అందులో వారాంతాలు, సెలవులు కలిపి 46 అనుకుంటే మామూలు రోజులు 107. వారాంతంలో రోజుకు 200 మంది, మామూలు రోజుల్లో 50 మంది వస్తే సీజను మొత్తం 14,550. అలా విడదీయకుండా 200నీ 50నీ సగటు చేసి 153తో హెచ్చవేస్తే 19,125 వస్తుంది, అంటే మూడో వంతుకు కొంచెం తక్కువగా అదనం. ఇక సిబ్బంది శనివారాలే వెళ్లి లెక్కపెట్టి వస్తే చెప్పనే అక్కర్లేదు.

ఫారంలో పీక్ వారాంతం సగటు అని వేరే గడి ఉండేది. మెమోరియల్ డే (మే చివర), జులై 4, లేబర్ డే (సెప్టెంబరు మొదట్లో) సెలవుల వారాంతాలను మూడేసి రోజులు కలిపి తీసుకోవాలి. సామర్థ్యం శాతానికి మాత్రం ఈ అంకె వాడకూడదు, దానికి సీజనులోని మామూలు వారాంతాలే ప్రాతిపదిక. 40 ట్రెయిలర్ స్లాట్లున్న చోట మామూలు వారాంతపు సగటు 30 అయితే 75 శాతం. జులై 4న రోడ్డు పక్కన కూడా బండ్లు ఆగాయని 150 శాతం రాస్తే, ఏడాదిలో మూడు రోజుల కోసం చెట్లు కొట్టి పార్కింగ్ పెంచాలన్న వాదనకు దారి తీస్తుంది. మామూలు వారాంతాల్లోనే వందకు చేరితే అప్పుడది నిజమైన కొరత.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా దొరకనివాళ్లు ఉంటారు. లేక్ నార్మన్ లాంటి చోట ఒడ్డున ఇళ్లున్నవాళ్లు సొంత రేవు నుంచే బోటు దించుతారు. వాళ్లు ఏ కౌంటరూ దాటరు, అయినా నీటి మీద రద్దీ వాళ్లదే. విమానం నుంచో ఒడ్డు నుంచో బోట్లను లెక్కపెడితే తప్ప వాళ్లు కనబడరు. ఆ అంకెను పబ్లిక్ సైట్ల వాడకంతో కలపకుండా విడిగా చూపాలి.

ఎందుకు తీసేశారు?

ఫెర్క్ చెప్పిన కారణాలు సూటిగానే ఉన్నాయి. అదే సమాచారం లైసెన్సు షరతుల కింద వచ్చే పర్యవేక్షణ నివేదికల్లోనూ, తన సిబ్బంది చేసే పర్యావరణ తనిఖీల్లోనూ దొరుకుతోంది. అందరికీ ఒకే నమూనా కావడంతో ఫారం ఏ ఒక్క ప్రాజెక్టుకూ సరిగ్గా అతకడం లేదు. ఈ వాదనలో బలం ఉంది. ఆరేళ్లలో ఒకే ఏడాదిని పట్టుకునే పద్ధతికి పుట్టుకతోనే లోపం ఉంది. చివరిసారి ఫారాలు 2015 ఏప్రిల్‌లో వచ్చాయి, లెక్క 2014ది. ఆ ఏడాది కాలిఫోర్నియా తీవ్రమైన కరవులో ఉంది. నీళ్లు తగ్గి ర్యాంపులు ఎండిన జలాశయాల్లో జనం తగ్గడం సహజం, ఫారంలో మాత్రం అది ఆసక్తి తగ్గినట్టే కనిపిస్తుంది. రద్దు కాకపోయుంటే తర్వాతి లెక్క సంవత్సరం 2020 అయ్యేది. కోవిడ్ ఏడాదిని కొలమానంగా పెట్టుకుని ఆరేళ్లు గడపాల్సి వచ్చేది.

అయినా నష్టం లేకపోలేదు. ఫారం ఎంత మొరటుదైనా దేశమంతటా ఒకే ప్రశ్నలు అడిగేది. మెయిన్ రాష్ట్రంలోని ఒక జలాశయాన్నీ సౌత్ కరోలినాలోని మరొక దాన్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగేవాళ్లు. ఇప్పుడు ఒక లైసెన్సు ఆరేళ్లకోసారి అడుగుతుంది, ఇంకొకటి పన్నెండేళ్లకోసారి, కొన్ని అసలు అడగవు. ఒకరు వాహనాలు లెక్కపెడతారు, మరొకరు మనుషుల్ని. పోల్చుకోవడం కష్టమైపోయింది. కాగితం భారం తగ్గించిన నిర్ణయం సబబే, నాలుగైదు ఉమ్మడి అంకెల్నైనా ఉంచాల్సింది.

ఇప్పుడు మిగిలినవి

ప్రధానమైనది లైసెన్సులోని విహార ప్రణాళిక. ఏ సైటులో ఏం కడతారు, ఎప్పటికి, ఎవరు నిర్వహిస్తారు, వాడకాన్ని ఎన్నేళ్లకోసారి కొలుస్తారు అన్నీ అందులో ఉంటాయి. ఒకసారి ఆమోదం పొందితే అది లైసెన్సంత బలమైనది. పాత ప్రణాళికల్లో కొన్ని పర్యవేక్షణ నివేదికను ఫారం 80 గడువుతో ముడిపెట్టాయి. ఫారం లేదు కాబట్టి నివేదికా లేదనుకోవడం ప్రమాదం. షరతు లైసెన్సులో ఉన్నంతవరకు బాధ్యత ఉన్నట్టే, మార్చుకోవాలంటే సవరణ కోరాలి.

నివేదిక పంపే ముందు చిత్తుప్రతిని రాష్ట్ర వన్యప్రాణి శాఖకూ లైసెన్సులో పేర్కొన్న ఇతర సంస్థలకూ ఇచ్చి, వ్యాఖ్యలకు సాధారణంగా కనీసం 30 రోజులు ఇవ్వాలి. వచ్చిన వ్యాఖ్యలను జతపరచి, ఒక్కోదానికి ఏం చేశారో, ఒప్పుకోకపోతే ఈ ప్రాజెక్టుకు సంబంధించిన కారణమేమిటో రాయాలి. 'వ్యాఖ్యలు పరిశీలించాం' అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన నివేదిక మరింత సమాచారం కోరుతూ వెనక్కి రావడానికి వీలెక్కువ. కొత్తగా ఏదైనా కడితే, అది కట్టినట్టుగా గీసిన నక్షాలు కూడా ఇవ్వాలి. ఆమోదించిన నక్షాలో 12 పిక్నిక్ బల్లలు ఉండి తనిఖీ రోజున 9 కనిపిస్తే, ఆ మూడూ ఎందుకు పోయాయన్న వివరణ అధికారి అడుగుతారు.

ర్యాంపుల విషయంలో ఈ పేచీ ఎక్కువ. బోటు ర్యాంపు వాలు మామూలుగా 12 నుంచి 15 శాతం. జలాశయం సీజనులో 10 అడుగులు దిగుతుందనుకుంటే, కనిష్ఠ నీటిమట్టం కింద మరో 3 అడుగుల లోతు దాకా ర్యాంపు ఉంటేనే ట్రెయిలర్ చక్రం కాంక్రీటు మీద నిలుస్తుంది. 14 శాతం వాలుకు అది సుమారు 93 అడుగుల పొడవు. 60 అడుగులు కట్టి వదిలేస్తే ఆగస్టుకు చక్రాలు బురదలోకి దిగుతాయి, గేటు మూస్తారు. నివేదికలో ర్యాంపు మాత్రం 'ఉంది' అనే ఉంటుంది. ఎన్ని రోజులు వాడుకోవడానికి వీలైందో చెప్పని జాబితా సగం జాబితానే.

చాలా సైట్లను కౌంటీకో రాష్ట్ర పార్కుల శాఖకో ఒప్పందం మీద అప్పగిస్తారు. అందులో తప్పులేదు, కానీ ఫెర్క్ ముందు జవాబుదారీ లైసెన్సుదారే. కౌంటీ బడ్జెట్ లేక గేటు మూసినా నోటీసు వచ్చేది విద్యుత్ కంపెనీకే.

రిపోర్టు కాకుండా నిత్యం ఉండే బాధ్యతలు రెండున్నాయి. సైటు దగ్గర బోర్డు పెట్టాలి: ప్రాజెక్టు పేరు, ఫెర్క్ లైసెన్సు ఉన్నదన్న మాట, ప్రాజెక్టు నంబరు, విహార స్థలాలకు దారి, అనుమతించిన వేళలు, పనులు. ఆమోదించిన ప్రణాళికను స్థానిక కార్యాలయంలోనూ, వెబ్‌సైట్ ఉంటే అందులోనూ అందుబాటులో ఉంచాలి. రెండోది ప్రమాదాల సమాచారం. ప్రాజెక్టు దగ్గర ఎవరైనా మునిగి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా తెలిసిన వెంటనే ఫెర్క్ ప్రాంతీయ ఇంజనీరుకు రాతపూర్వకంగా తెలపాలి. దీనికి ఆరేళ్ల గడువులు ఉండవు. డ్యాం దిగువన నీటి విడుదల హెచ్చరికలు, సైరన్లు, తేలే అడ్డుకట్టలు సరిపోతున్నాయా అన్న ప్రశ్న ఈ సమాచారం మీదే లేస్తుంది.

పాటించకపోతే ఫెడరల్ పవర్ యాక్ట్ 31వ సెక్షన్ కింద జరిమానా నుంచి లైసెన్సు రద్దు దాకా ఉంది. రద్దు అరుదు. మిషిగన్‌లోని ఈడెన్‌విల్ ప్రాజెక్టుకు 2018 సెప్టెంబరులో అదే జరిగింది. అసలు కారణం భారీ వరదకు సరిపడా స్పిల్‌వే (వరద నీటిని వదిలే మార్గం) పెంచకపోవడం. కానీ ఉల్లంఘనల జాబితాలో ఆమోదించిన విహార సదుపాయాలు కట్టకపోవడం, ప్రజల రాకకు అడ్డు పెట్టడం, సరైన ప్రజాభద్రత ప్రణాళిక ఇవ్వకపోవడం కూడా ఉన్నాయి. లైసెన్సు పోవడంతో పర్యవేక్షణ రాష్ట్రానికి మారింది. 2020 మే 19న ఆ డ్యాం తెగింది. పిక్నిక్ బల్లలకూ డ్యాం తెగడానికీ సంబంధం లేదు. కానీ చిన్న షరతులను ఏళ్ల తరబడి నాన్చే యాజమాన్యం పెద్ద షరతునూ అలాగే చూస్తుందేమోనన్న అనుమానం నియంత్రణ సంస్థకు రావడం సహజం.

ఏ జలాశయం గురించైనా చూడాలంటే బోర్డు మీది నంబరు చాలు. కటావ్బా-వాటరీది పి-2232. ఫెర్క్ వెబ్‌సైట్‌లోని ఈలైబ్రరీలో ఆ నంబరు కొట్టి, లైసెన్సు ఉత్తర్వు, విహార ప్రణాళిక, పర్యావరణ తనిఖీ నివేదిక అనే మూడూ వెతకాలి. ముందు లైసెన్సు, తర్వాత ప్రణాళికను ఆమోదించిన ఉత్తర్వు చదవడం మేలు. కంపెనీ పంపిన ప్రణాళికకూ ఫెర్క్ ఆమోదించిన దానికీ తేడా ఉంటే ఉత్తర్వులోదే చెల్లుతుంది. 2015 వరకు ఇచ్చిన ఫారం 80లు కూడా అక్కడే దొరుకుతాయి. ఉజ్జాయింపు గడిలో గుర్తు ఉందో లేదో చూసి మరీ ఆ అంకెలు వాడుకోవాలి.

ఈ లెక్కలకు అసలైన విలువ లైసెన్సు పునరుద్ధరణప్పుడు వస్తుంది. గడువు తీరడానికి ఐదు నుంచి ఐదున్నరేళ్ల ముందు కంపెనీ తన ఉద్దేశం తెలపాలి, కనీసం రెండేళ్ల ముందు దరఖాస్తు చేయాలి. ఆ మధ్యలో అధ్యయనాల ప్రణాళిక ఖరారవుతుంది: ఎన్ని సైట్లలో కౌంటర్లు పెడతారు, సర్వే ఎన్ని రోజులు, కరవు ఏడాది వస్తే రెండో ఏడాది కొలుస్తారా. కొత్త లైసెన్సు సాధారణంగా 40 ఏళ్లు. మరో ర్యాంపు కావాలనో కాలిబాట కావాలనో అడిగే స్థానికులు దరఖాస్తు దాకా ఆగకుండా అధ్యయనాల ప్రణాళిక మీద వ్యాఖ్యల గడువులోనే రాయాలి. తమ చోటు సర్వేలో లేకపోతే, తర్వాత అడగడానికి చేతిలో అంకె ఉండదు.